చెప్పిన కథ, చేసిన కథ: వీడియో గేముల్లో ధ్వని, వివరణ



ఈ స్మారకోపన్యాసం ఇచ్చిన వారంతా ఇప్పటిదాకా కావ్యం గురించో, వ్యాకరణం గురించో, శాసనాల గురించో మాట్లాడారు. జీవితమంతా అలంకారశాస్త్రం బోధించిన మా మాస్టారి పేరిట జరిగే సభలో వీడియో గేముల గురించి మాట్లాడతానని నేను రాసినప్పుడు నిర్వాహకులు కారణం అడగలేదు. ఆ నమ్మకానికి కృతజ్ఞురాలిని. కారణం మాత్రం సభకు చెప్పుకోవలసి ఉంది.

మాస్టారికి చివరి మూడేళ్ళు చూపు బాగా మందగించింది. శిష్యులు వంతులు వేసుకుని వెళ్ళి చదివి వినిపించేవారు. నా వంతు ఆదివారం. ఒక ఆదివారం ఆయన, "నువ్వు ఉద్యోగంలో రాసేదేమిటో అది చదువమ్మా" అన్నారు. నేను హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో కథ రాసే పని చేస్తున్నాను. చదవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదని, ఆడి చూడాలని చెప్పాను. "అయితే ఆడు. ఏం జరుగుతోందో చెబుతూ ఉండు" అన్నారు. అలా దాదాపు రెండేళ్ళు, ఆదివారం మధ్యాహ్నాలు, నేను ఆడుతూ తెర మీద కనబడేదాన్ని ఆయనకు చెబుతూ వచ్చాను.

మొదటి రోజే చిక్కు వచ్చింది. "ఈ కోట చాలా కాలంగా పాడుపడి ఉంది మాస్టారూ, ఇక్కడ ఏదో ఘోరం జరిగింది" అన్నాను. "అది నీకు ఎవరు చెప్పారు?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాను. "మరి నీకెలా తెలిసింది?" అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ ఉపన్యాసం ఆ రెండో ప్రశ్నకు నేను కూడగట్టుకున్న జవాబు.

గేములో కథ ఎంత విప్పాలి, ఎంత దాచాలి అనే చర్చ మా వృత్తిలో రోజూ జరిగేదే. అది సాధారణంగా పాళ్ళ లెక్కగా సాగుతుంది, కూరలో ఉప్పు ఎంత, కారం ఎంత అన్నట్టు. పాళ్ళు సరిచూసుకున్నా చెడిన కథలను నేను చాలా చూశాను. అందుకే వివరణ ఏ దారిన వస్తోంది, సందేహం దేని మీద నిలుస్తోంది అని ముందుగా అడగాలంటాను. పుస్తకం చదివేవారు కథలో ఏ పనీ చేయరు. గేము ఆడేవారు చేస్తారు. ఆ తలుపు తెరిచింది వాళ్ళే, ఆ కత్తి దించింది వాళ్ళే. కాబట్టి గేములో వివరణ ఆడేవారి చేతి గుండా రావాలి. చివరికి మిగలవలసిన సందేహం కూడా వాళ్ళు తమ చేతులతో చేసినదాని మీదే మిగలాలి. నా ప్రతిపాదన ఇంతే. దీన్ని నిలబెట్టడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

9వ శతాబ్దంలో, అవంతివర్మ ఏలుబడిలోని కాశ్మీరంలో, ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాశాడు. గ్రంథం మొదట్లోనే తన ప్రత్యర్థులను మూడు తెగలుగా చెప్పుకున్నాడు. ధ్వని అన్నదే లేదనేవారు, ఉన్నా అది లక్షణలో, అంటే మాటకు ఉండే గౌణార్థంలో, అణిగిపోతుందనేవారు, ఉంది గాని మాటలకు అందదనేవారు. వాచ్యార్థం చెవిని చేరి ఆగాక, గంట మోత ఆగిన తరువాత మిగిలే అనురణనంలా, సహృదయుడైన పాఠకుడిలో మరో అర్థం మేల్కొంటుందని, కావ్యానికి ఆత్మ అదేనని ఆయన స్థాపించాడు. 11వ శతాబ్దంలో అదే కాశ్మీరంలో మహిమభట్టు వ్యక్తివివేకం రాసి ఆ సిద్ధాంతాన్ని ఎదిరించాడు. ధ్వని అంటూ మాటకు వేరే శక్తి అక్కర్లేదన్నాడు. పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకున్నట్టే పాఠకుడు చెప్పినదాన్నుంచి చెప్పనిదాన్ని అనుమానం చేస్తున్నాడని ఆయన వాదం. శాస్త్రంలో అనుమానమంటే హేతువును బట్టి నిర్ణయానికి రావడం. మన వాడుకలో అదే మాటకు సందేహమని అర్థం. నిర్ణయానికీ సందేహానికీ ఒకే మాట పేరు కావడం నాకు చదువుకునే రోజుల్లో వింతగా ఉండేది. గేములు రాయడం మొదలుపెట్టాక, ఆడేవాళ్ళు ఎప్పుడూ ఆ రెండు అర్థాల మధ్యనే తిరుగుతుంటారని అర్థమైంది.

శాస్త్రలోకంలో మహిమభట్టు నెగ్గలేదు. మమ్మటుడు, ఆయన తరువాతివారు ఆ వాదాన్ని ఖండించారు. గేముల లోకంలో మాత్రం ఆయనకు ఒక రాజ్యం దొరికింది. ఆ సంగతికి వస్తాను. ముందు ఈ లోకంలో మౌనం ఎలా పుట్టిందో చెప్పాలి, ఎందుకంటే అది మొదట కళగా పుట్టలేదు. పేదరికంగా పుట్టింది.

విల్ క్రౌథర్ అమెరికాలో కంప్యూటర్ నెట్‌వర్కుల మీద పనిచేసిన ప్రోగ్రామర్. గుహల అన్వేషణ ఆయన వ్యసనం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్ గుహల్లో తిరిగి, వాటి పటాలు గీయడంలో భార్యతో కలిసి పాలుపంచుకున్నాడు. వాళ్ళు విడిపోయాక, తన కూతుళ్ళు ఆడుకోవడానికని 1975, 76 ప్రాంతంలో ఒక ఆట రాశాడు. అదే అడ్వెంచర్. బొమ్మలు లేవు. గుహలో నువ్వు ఎక్కడ ఉన్నావో కొన్ని వాక్యాలు, నువ్వు టైపు చేసే ఒకటి రెండు మాటలు. 1977లో డాన్ వుడ్స్ అనే మరో ప్రోగ్రామర్ దాన్ని పెంచాడు. ఆ గుహ ఎవరిది, నువ్వెవరు, ఎందుకు వచ్చావు అన్నవాటి గురించి ఆట పెద్దగా మాట్లాడదు. కంప్యూటర్‌లో చోటు లేదు. అయినా ఆ గుహకు ఒక లోతు ఉంది. రాసినవాడు నిజమైన గుహలో చీకట్లో పాకినవాడు కావడం వల్ల వచ్చిన లోతు అది. చెప్పకపోయినా అతనికి తెలుసు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోమని కోరుతున్నాను. రచయితకు తెలిసి దాచిన మౌనం, తెలియక వదిలిన మౌనం చదివేటప్పుడు ఒకలాగే కనబడవచ్చు. ఆడేటప్పుడు ఆ తేడా చేతికి తెలిసిపోతుంది.

పేదరికానికి తొలి విరుగుడు అట్టపెట్టె. ఇన్ఫోకామ్ సంస్థ 1982లో డెడ్‌లైన్ అనే హత్యా పరిశోధన గేము విడుదల చేసినప్పుడు, డిస్కులో పట్టని కథను కాగితాల మీద అచ్చువేసి పెట్టెలో పెట్టింది. పోలీసు విచారణ పత్రాలు, మాత్రల పొట్లం వంటివి. ఆడేవారు వాటిని బల్ల మీద పరుచుకుని ఆడారు. వివరణ ఉంది, కాని ఎవరూ నోటితో చెప్పడం లేదు. మన చేతిలో ఒక వస్తువుగా ఉంది.

1993లో రాండ్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన మిస్ట్ వచ్చింది. సీడీ మీద వచ్చింది కాబట్టి చోటుకు కొరత లేదు. అయినా ఆ ద్వీపం నిర్మానుష్యంగా ఉంటుంది. రెండు పుస్తకాల్లో ఇద్దరు అన్నదమ్ములు బందీలుగా ఉండి, ఒకరి మీద ఒకరు నిందలు వేసుకుంటూ, విడిపించమని మనల్ని వేడుకుంటారు. ఎవరిని నమ్మాలో వాళ్ళ మాటలు తేల్చవు. వాళ్ళు వెళ్ళిన లోకాల్లో వాళ్ళ గదులు మనమే వెతికి చూడాలి. ఒకరి గదిలో వైభవం, ఒకరి గదిలో క్రౌర్యం, రెండింటి అడుగునా ఒకే దురాశ. నోరు ఒకటి చెబుతుంది, గది మరొకటి చెబుతుంది. థీమ్ పార్కుల రూపకల్పనలో పనిచేసిన డాన్ కార్సన్ 2000లో ఈ పద్ధతికి పేరుపెట్టి ఒక వ్యాసం రాశాడు. పరిసరాలే కథ చెప్పడం అని దాని సారం. మిస్ట్ నాటికి మౌనం ఎంపిక అయింది. దాని తరువాత ఏ గేము మౌనంగా ఉన్నా, వాగినా, అది రచయిత బాధ్యతే.

ఇక మహిమభట్టు రాజ్యం. 2018లో లూకస్ పోప్ అనే రూపకర్త దాదాపు ఒంటిచేత్తో చేసిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ అనే గేము ఉంది. కాలం 1807. ఈస్టిండియా కంపెనీకి చెందిన ఓడ ఒకటి 60 మందితో లండన్ నుంచి తూర్పు దేశాలకు బయలుదేరి, మాయమై, ఏళ్ళ తరువాత ప్రాణమున్న మనిషి లేకుండా తిరిగి వస్తుంది. మనం బీమా లెక్కలు తేల్చడానికి వెళ్ళిన ఉద్యోగి. ఒక గడియారం సాయంతో ప్రతి శవం దగ్గరా ఆ మనిషి చివరి క్షణం ఒక నిశ్చల చిత్రంగా కనబడుతుంది. ఎవరు, ఏమయ్యారు, చనిపోతే ఎలా, ఎవరి చేతిలో అన్నది 60 మందికీ మనమే రాయాలి. ముగ్గురివి సరిగా రాస్తే తప్ప గేము ఔననదు. ఒక్కొక్కరినే గుడ్డిగా ఊహించి నెట్టుకురావడానికి వీల్లేకుండా పెట్టిన నియమం అది.

మాస్టారు ఈ గేమును ఎంతో ఇష్టపడ్డారు. ఉయ్యాల మంచం మీది అంకెను సిబ్బంది జాబితాలోని అంకెతో జతచేయాలి. కాళ్ళకు ఉన్న జోళ్ళను బట్టి ఒక నావికుణ్ణి గుర్తుపట్టాలి. మాట యాసను బట్టి దేశం తెలుసుకోవాలి. నేను ఒక పేరు చెప్పగానే "హేతువు?" అనేవారు. చెబితే "వ్యభిచరించదా?" అనేవారు, అంటే ఆ గుర్తు మరొకరికి కూడా వర్తించదా అని. ఒక్కో నావికుడి మీద అరగంట వాదం నడిచేది. నాలుగు గోడల మధ్య న్యాయశాస్త్రం అంత సజీవంగా నేను మళ్ళీ వినలేదు.

ఓబ్రా డిన్‌లో చివరికి చెప్పకుండా మిగిలే జవాబులు దాదాపు ఉండవు. అంతా వివరణే. అయినా ఎవరూ మనకు వివరించలేదు. ప్రతి వివరణకూ మనం వెల చెల్లించాం. అదే గేములో ఎవరో ముసలి నావికుడు దీపం పట్టుకుని వచ్చి అరవై మంది కథా చెప్పి ఉంటే, సమాచారంలో తేడా ఉండదు, గేము మాత్రం చచ్చిపోతుంది. 2019లో వచ్చిన అవుటర్ వైల్డ్స్ కూడా ఈ కోవదే. ఇరవై రెండు నిమిషాలకు సూర్యుడు పేలిపోయి కాలం మొదటికి వస్తుంది. మనం వెంట తీసుకెళ్ళగలిగేది తెలుసుకున్న సంగతి ఒక్కటే.

అనుమానంతో అన్నీ తేలతాయా? ఇక్కడే నేను ఆనందవర్ధనుడి వైపుకు వస్తాను. ఇక్కడే నా వృత్తిలో ఎక్కువ తప్పులు కూడా జరుగుతాయి. తేలవలసినదాన్ని తేలకుండా వదలడం ఒక తప్పు. తేలకూడనిదాన్ని తేల్చేయడం రెండోది. ఓడలో ఎవరు చంపారన్నది తేలాలి, దానికి హేతువు ఉంది. ఒక మనిషి తాను ప్రేమించిన మనిషిని ఎందుకు చంపాడన్నదానికి హేతువులు ఎన్ని ఉన్నా అవి చాలవు.

సైలెంట్ హిల్ 2 అనే జపాను గేము 2001లో కొనామి నుంచి వచ్చింది. జేమ్స్ అనే మనిషికి, మూడేళ్ళ కిందట చనిపోయిన భార్య నుంచి ఉత్తరం వస్తుంది. పొగమంచు కప్పిన ఊళ్ళోకి ఆమెను వెతుక్కుంటూ వెళతాడు. ఆ ఉత్తరం మన సామాన్ల మధ్యే ఉంటుంది, ఎప్పుడైనా తీసి చూడవచ్చు. కథ సాగేకొద్దీ దాని మీది అక్షరాలు మాసిపోతాయి. చివరికి ఉత్తరమే ఉండదు. ఈ సంగతి గేము ఎక్కడా చెప్పదు. తీసి చూసినవారికే తెలుస్తుంది.

చివరికి ఒక హోటలు గదిలో, ఒక వీడియో టేపులో, నిజం బయటపడుతుంది. జబ్బుతో మంచాన పడ్డ భార్యను జేమ్సే చంపాడు. గమనించండి, ఈ విషయంలో గేము దాపరికం చేయలేదు. ఏం జరిగిందో స్పష్టంగా చూపించింది. చాలామంది సైలెంట్ హిల్ 2ను అస్పష్టతకు ఉదాహరణగా చెబుతారు గాని, కథకు కీలకమైన చోట అది నిష్కర్షగా ఉంటుంది. అస్పష్టత మరోచోట ఉంది. అది జాలితో చేసిన పనా, విసుగుతో చేసిన పనా? ఆ తరువాత ఆ మనిషి బతకగలడా? ఈ ప్రశ్నకు ముగింపులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ఏది రావాలో నిర్ణయించేది మనం ఎంచుకున్న మాట కాదు, మనకు తెలియకుండా మన చేతులు చేసిన పనులు. దెబ్బ తగలగానే మందు వేసుకున్నామా, ఒళ్ళు పట్టించుకోకుండా తిరిగామా? భార్య ఫొటోను, ఉత్తరాన్ని తీసి చూసుకున్నామా? ఆత్మహత్య ఆలోచనలున్న ఒక అమ్మాయి ఇచ్చిపోయిన కత్తిని మాటిమాటికీ తీసి చూశామా? భార్యను పోలిన మరో స్త్రీ పక్కనే అంటిపెట్టుకుని నడిచామా? గేము మనల్ని చూస్తూ ఉంది. చివరికి జేమ్స్ ఎటువంటివాడో మన నడవడిక నుంచి తీసి చెబుతుంది.

ఇది విన్నప్పుడు మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, కావ్యంలో సహృదయుడు కావ్యాన్ని చదువుతాడు, ఇక్కడ కావ్యం సహృదయుణ్ణి చదువుతోంది అన్నారు. ధ్వని సిద్ధాంతంలో ఇందుకు చోటు ఎక్కడో తాను వెతకాలన్నారు. ఆ తరువాతి నెలల్లో ఆ మాట రెండు మూడుసార్లు ఎత్తారు. పూర్తిగా తేల్చకుండానే వెళ్ళిపోయారు.

2005లో వచ్చిన షాడో ఆఫ్ ది కొలోసస్ దీనికంటే తక్కువ మాట్లాడుతుంది. రూపకర్త ఫుమితో ఉయెదా. ఒక యువకుడు చనిపోయిన అమ్మాయిని గుర్రం మీద తీసుకుని నిషిద్ధ భూమికి వస్తాడు. ఆమె అతనికి ఏమవుతుందో చివరిదాకా చెప్పరు. 16 మహాకాయాలను చంపితే ఆమె లేవవచ్చునని ఒక గొంతు అంటుంది. ఆ భూమిలో మరో శత్రువు లేడు. వాటిలో కొన్ని మనం కదిలించేదాకా మన జోలికే రావు. వాటి ఒంటి మీది జూలు పట్టుకుని పైకి ఎక్కాలి. పట్టు కోసం బటన్ నొక్కిపెట్టి ఉంచాలి, వదిలితే పడిపోతాం. ఆ ప్రాణి విదిలించుకుంటుంటే మన వేలు నొప్పెడుతుంది. అది కూలినప్పుడు విజయగీతం మోగదు, విషాదగీతం మోగుతుంది. నల్లటి తీగలు వచ్చి యువకుడి ఒంట్లో దూరతాయి, ఒక్కో చావుతో అతని ముఖం మాడిపోతూ ఉంటుంది. నువ్వు చేస్తున్నది తప్పు అని గేము మధ్యలో ఎవరూ ఆపి చెప్పరు. చెప్పి ఉంటే మనం ఆ మాటతో వాదించేవాళ్ళం. చెప్పకపోవడం వల్ల వాదించడానికి ఎదురుగా ఎవరూ లేరు. నొక్కిపెట్టిన వేలు ఒక్కటే ఉంది.

మీలో గేములు ఆడనివారి కోసం ఒక భేదం చెప్పాలి. గేములో తెలియకపోవడం రెండు రకాలు. ఇప్పుడు ఏం చేయాలో తెలియకపోవడం ఒకటి. చేసినదానికి అర్థమేమిటో తెలియకపోవడం మరొకటి. మొదటిది హద్దు దాటితే విసుగు, కంట్రోలర్ పక్కన పడేయడం. రెండోది నిద్ర పట్టనివ్వదు. ఉయెదా గేములో మొదటి రకం దాదాపు లేదు. కత్తిని ఎండలోకి ఎత్తితే వెలుగు ఒకచోటికి చేరి దారి చూపుతుంది. దారి అంత స్పష్టంగా చూపించాడు కాబట్టే, ఎందుకు అన్నదాన్ని అంత చీకట్లో ఉంచగలిగాడు.

మరో రూపకర్త హిదెతకా మియాజకి పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఆయన చిన్నతనంలో తన ఆంగ్లానికి మించిన కాల్పనిక నవలలు చదివేవాడట. అర్థం కాని చోట్ల తన ఊహతో పూరించుకునేవాడట. 2011లో వచ్చిన డార్క్ సోల్స్ కథ ఆ పిల్లవాడి చదువులాగే ఉంటుంది. మొదట కొద్ది నిమిషాల పురాణం. ఆ తరువాత అంతా ముక్కలే. ఒక ఉంగరం మీద రెండు వాక్యాలు, ఒక పాత కవచం మీద ఒక పేరు, ఎవరి సమాధో తెలియని చోట ఒక విగ్రహం. వేలమంది ఆడేవాళ్ళు ఆ ముక్కలను పోగుచేసి, పోల్చి, వాదించుకుని కథ అల్లారు.

ఈ మాట విన్నప్పుడు నాకు మా ఊరి ఇంటర్నెట్ సెంటరు గుర్తొచ్చింది. 2000 తరువాతి ఏళ్ళలో మన ఊళ్ళలో వైస్ సిటీ ఆడని కుర్రాడు అరుదు. నేను మా తమ్ముడి పక్కన కూర్చుని చూసేదాన్ని. ఆ ఇంగ్లీషు డైలాగులు మాలో ఎవరికీ సరిగా తెలిసేవి కావు. ఎవరు ఎవరికి బాకీ, ఎవరు మోసం చేశారు అన్నది పిల్లలంతా కలిసి తెలుగులో అల్లుకునేవారు, పక్క వీధి సెంటరులో మరో కథ నడిచేది. దీన్ని కళ అనను. భాష అందక వచ్చిన లోటు అది. తెలుగులో కథ చెప్పే పెద్ద గేములు ఇప్పటికీ దాదాపు లేకపోవడం నాకు బాధ. కాని ఖాళీని చూసి భయపడకుండా పూరించే శక్తి మన పిల్లల్లో ఎంత ఉందో అప్పుడే చూశాను. మనకది కొత్తా కాదు. అవధానంలో పృచ్ఛకుడు పొంతన లేని ఒక పాదాన్ని సమస్యగా ఇస్తాడు. అవధాని మిగిలిన పాదాలతో దానికి ఒక సందర్భం కల్పించి, అసంగతమైన మాటను సంగతం చేస్తాడు. సమస్య ఇచ్చేవాడికి ఛందస్సు తెలిసి ఉండాలి. పూరించడానికి వీలైన కట్టు లేకపోతే అది సమస్యే కాదు. మియాజకి ఇచ్చే ముక్కల్లో ఆ కట్టు ఉంటుంది. ఆయనను అనుకరించిన అనేక గేముల్లో ఉండదు. అక్కడ ముక్కలు ముక్కలుగానే పుట్టాయి, ఏ కుండా పగిలి వచ్చినవి కావు.

ఇదే తప్పు నేను స్వయంగా చేశాను. చాలా ఏళ్ళ కిందట, మొదట్లో పనిచేసిన ఒక స్టూడియోలో, ఒక తల్లి పాత్ర రాశాను. ఆమె ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళిందో గేములో చెప్పలేదు. ధ్వని అనుకున్నాను. మా స్టూడియోలో, అన్నిచోట్లలాగే, విడుదలకు ముందు బయటివారిని పిలిచి ఆడించి చూస్తారు. ఆడినవారు ఆమె గదిలో ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. వాళ్ళు గదిలో దేన్ని ముట్టుకున్నా ఏమీ పలకలేదు, ఎందుకంటే ఆమె ఎందుకు వెళ్ళిందో నాకే తెలియదు. ఆ తరువాత జరిగింది ఇంకా చేటు. అర్థం కాలేదని ఎవరో చీటీ మీద రాస్తే, ఒక డైలాగు చేర్చాం. మళ్ళీ మరొకరు రాస్తే ఇంకొకటి. ఆఖరికి ఆ ఇంట్లో ప్రతి పాత్రా ఆమె గురించి వివరించడం మొదలుపెట్టింది. తెలియక వదిలిన మౌనం, భయపడి చేర్చిన వివరణ, రెండూ ఒక గదిలోనే చేరాయి. ఆమె గదిలో వంటింటి వాసన పట్టిన ఒక చీర, దాని కొంగు చివర ముడివేసిన ఒక బస్సు టికెట్టు ఉండి ఉంటే చాలునని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ చీటీలకు జవాబు డైలాగులో వెతకనవసరం లేకపోయేది.

వివరణ కోరే జనాన్ని తప్పుపట్టడం రచయితలకు సులువు. మాస్ ఎఫెక్ట్ 3 ముగింపు విషయంలో 2012లో జరిగిన గొడవను చాలామంది అలాగే చూశారు. 2007లో మొదలైన ఆ మూడు గేముల వరుసలో, మొదటి గేములో మనం చేసిన నిర్ణయాలు మూడోదాని దాకా వెంట వస్తాయి. ఎవరిని బతికించాం, ఎవరిని వదిలేశాం అన్నది గేము గుర్తుపెట్టుకుంటుంది. అయిదేళ్ళు అలా ఆడినవారికి చివరి నిమిషాల్లో ఒక కొత్త పాత్ర ఎదురై, మూడు దారులు చూపి ఎంచుకోమంటుంది. మూడు ముగింపుల మధ్య కంటికి ముఖ్యంగా కనిపించిన తేడా రంగులోనే. ఆగ్రహం పెల్లుబికింది. కొందరు ఆ చివరి ఘట్టమంతా నాయకుడి మనసులో జరిగిన భ్రమ అని ఒక సిద్ధాంతమే కట్టారు. ఆ ముగింపును భరించలేక చేసిన సమస్యాపూరణం అది. జూన్ నెలలో గేము తయారుచేసిన సంస్థ ముగింపును పెంచి, ఎవరికి ఏమైందో చూపిస్తూ, ఉచితంగా మళ్ళీ ఇచ్చింది.

వివరణ వచ్చింది. కొంత ఊరట కలిగింది. గాయం పూర్తిగా మానలేదు, ఎందుకంటే గాయం వివరణ లేకపోవడం వల్ల తగిలింది కాదు. అయిదేళ్ళుగా తమ చేతులు చేసినవి చివరి క్షణంలో లెక్కకు రాలేదన్నది జనం బాధ. వాళ్ళు "అర్థం కాలేదు" అన్న మాటతో దాన్ని చెప్పారు. ఆడేవాళ్ళ ఫిర్యాదులో పైకి అన్న వాచ్యం ఒకటి, లోపల ధ్వనించే వ్యంగ్యం ఒకటి ఉంటాయి. మా వృత్తిలో వాచ్యానికి మందు వేసి పంపించేయడం అలవాటు. 2008లో మెటల్ గేర్ సాలిడ్ 4 కూడా అంతకు ముందు గేములు మిగిల్చిన వింతలకు వరసగా సమాధానాలు చెప్పింది. చావులేని మనిషి రహస్యం ఒంట్లోని సూక్ష్మయంత్రాలేనని తేల్చింది. ప్రశ్నలు తీరాయి, పాత ఆశ్చర్యం పోయింది.

వివరణ అర్థాన్ని పెంచిన సందర్భం ఒకటి చెప్పకపోతే నా వాదం ఒంటికాలి మీద నిలుస్తుంది. డార్క్ సోల్స్‌లో సిఫ్ అనే పెద్ద తోడేలు ఒక వీరుడి సమాధికి కాపలా ఉంటుంది. నోట కత్తి కరుచుకుని పోరాడుతుంది. దాన్ని చంపితే గాని కథ ముందుకు సాగదు. దెబ్బలు తిన్నాక అది కుంటుతూ కత్తి ఎత్తలేక తూలుతుంది. అయినా మనం కొట్టాలి. ఎందుకు కాపలా ఉందో చూచాయగానే తెలుస్తుంది. 2012లో ఈ గేముకు ఒక అనుబంధ భాగం వచ్చింది. అందులో మనం గతంలోకి వెళతాం. అక్కడ పిల్ల తోడేలు, దాని యజమాని దానికి రక్షగా వదిలిన డాలు, దాన్ని కాపాడే మనం. సందేహం తీరింది, వివరణ దొరికింది. ఆ తరువాత, ఇంకా సిఫ్‌ను ఎదుర్కోకుండా ఉండి, ఇప్పుడు సమాధి దగ్గరికి వెళితే, దృశ్యం మారుతుంది. తోడేలు దాడికి దిగబోయి ఆగుతుంది. మనల్ని వాసన చూస్తుంది. గుర్తుపడుతుంది. తల ఎత్తి ఒక్కసారి ఏడుస్తుంది. ఆ తరువాత కత్తి అందుకుంటుంది, ఎందుకంటే దాని కర్తవ్యం మారలేదు. మన దారీ మారలేదు.

ఇక్కడ వివరణ మిస్టరీని పోగొట్టి బరువును పెంచింది. మనకు ఇప్పుడు అన్నీ తెలుసు. తెలిసి చేస్తున్నాం.

వివరణకు హద్దు గీసుకోవడం మన వ్యాఖ్యాతలకూ తెలుసు. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాస్తూ, మూలంలో ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని నియమం పెట్టుకున్నాడు. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కవి వాక్కును బతికించడానికి రాస్తున్నానని, తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. ఒక తెలుగు ప్రాంతపు పండితుడు వివరణకు పెట్టిన ఆ రెండు కట్టుబాట్లను మా స్టూడియోలో నా బల్ల ఎదుట రాసిపెట్టుకున్నాను. కొత్తగా చేరిన రచయితలు దాని అర్థం అడుగుతారు. సిఫ్ కథ చెబుతాను.

ఇక ఆ మొదటి రోజు కోట సంగతి. ఆ గేము ఈకో, 2001లో వచ్చింది, ఉయెదా మొదటి గేము. కొమ్ములు ఉన్న పిల్లవాడిని ఊరివాళ్ళు తెచ్చి ఆ కోటలో బంధించి పోతారు. అక్కడ యోర్దా అనే అమ్మాయి ఉంటుంది. ఆమె భాష ఆ పిల్లవాడికి తెలియదు, మనకూ తెలియదు. తెర మీద ఆమె మాటలు ఏవో గుర్తులుగా కనబడతాయి. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించాలి, దానికి ఒక బటన్ నొక్కిపెట్టి ఉంచాలి. గంటల తరబడి అలా నడిచాక, ఒక వంతెన మీద, వంతెన వెనక్కి లాక్కుపోతుంటే, పిల్లవాడు ఆమె వైపు దూకుతాడు. అప్పటిదాకా అతను పట్టుకున్న చెయ్యి ఇప్పుడు అతన్ని పట్టుకుంటుంది. ఈ ఘట్టం మాస్టారికి చెప్పేటప్పుడు నా గొంతు నిలవలేదు. ఆయన, "ఆ పిల్ల ఏదైనా అన్నదా?" అని అడిగారు. అన్నది, భాష తెలియదు అన్నాను.

జపాను, ఐరోపా ప్రతుల్లో ఈ గేమును ఒకసారి ముగించి రెండోసారి ఆడితే, యోర్దా మాటలు మనకు చదవడానికి వీలయ్యే అక్షరాల్లో కనబడతాయి. ఈ విషయం ఆయనకు చెప్పి, వచ్చే ఆదివారం నుంచి రెండోసారి మొదలుపెడదామా అన్నాను. మాస్టారు కాసేపు ఆలోచించి, "ముందు ఒక పని చెయ్యి. ఎక్కడెక్కడ ఆ పిల్ల ఏమన్నదని నువ్వు అనుకున్నావో అదంతా రాసి నాకు వినిపించు. ఆ తరువాత ఆడదాం" అన్నారు.

రాశాను. మొత్తం పదకొండు పేజీలు వచ్చింది. వంతెన దగ్గర ఒక్కచోట నాకు ఏమీ తోచక ఖాళీగా వదిలాను. ఆ కాగితాలు చదివి వినిపించిన ఆదివారం మాస్టారు పడుకునే విన్నారు. ఖాళీ దగ్గర నేను ఆగితే, కొనసాగించమని చేత్తో సైగ చేశారు. రెండోసారి మేము సగం దాకానే ఆడగలిగాం. వంతెన ఇంకా రాలేదు.